వేడిగాలి శాఖ

కంటికి కనిపించని నాణేలను కొందరు యంత్రాలతో తయారు చేస్తున్నారని తెలిసిన రోజున ప్రభుత్వం వారికి రెండు అనుమానాలు వచ్చాయి. ఎవరినడిగి చేస్తున్నారన్నది మొదటిది. కనిపించని సరుకును పట్టుకోవడం ఎలా అన్నది రెండోది. మొదటి అనుమానం తీర్చడానికి ఒక శాఖ పెట్టారు. రెండోది తీర్చడానికి కమిటీ వేశారు.

కమిటీలోని ముగ్గురు పెద్దమనుషులూ ఈ వ్యాపారం జోరుగా సాగే చలిదేశాలకు బయల్దేరి వెళ్ళారు. అక్కడ మోకాలి లోతు మంచు. కోటు మీద కోటు తొడిగినా పళ్ళు టకటకమంటున్నాయి. అలాంటి చోట ఆ యంత్రాలుండే షెడ్డులో అడుగు పెట్టేసరికి ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళంతా వెచ్చగా ఉంది. కమిటీ ఇక ఆ షెడ్డు వదల్లేదు. భోజనాలు కూడా అక్కడికే తెప్పించుకుని, యంత్రాల దగ్గర చేతులు కాచుకుంటూ పరిశోధన పూర్తి చేసింది. తిరిగొచ్చి నివేదిక ఇచ్చింది: నాణేలు తయారగు చోట వేడి ఉండును, తయారు కాని చోట వేడి ఉండదు, ఇది మేము స్వయముగా అనుభవించి తెలుసుకొన్న సత్యము.

దాన్నిబట్టి చట్టం తయారైంది. 'విద్యుత్ సౌకర్యము గల ఏ ప్రదేశమైనను ముప్పైఎనిమిది డిగ్రీలకు మించి వేడిగా నున్నచో, అచ్చట క్రిప్టో నాణేల ఉత్పత్తి జరుగుచున్నట్లు భావించవలెను.' డిసెంబరు నెల. సభలో అందరూ శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. వేడి అనే మాట వినడానికే బాగుండి, ఒక్కరు కూడా అడ్డు చెప్పకుండా బల్లలు చరిచారు.

ఇక వేడి కొలవడానికి పరికరాలు కావాలి. కరోనా రోజుల్లో కొని వాడకుండా మిగిలిపోయిన తుపాకీ థర్మామీటర్లు గోడౌన్లో గుట్టలుగా పడున్నాయి. నుదుటి దగ్గర పెట్టి మీట నొక్కితే జ్వరం లేనివాడికి పచ్చ దీపం, ఉన్నవాడికి ఎర్ర దీపం, కీచుమని ఒక కూత. కొత్త శాఖకు వాటిని పంచేశారు. శాఖ అసలు పేరు చాంతాడంత ఉంటుంది. జనం వేడిగాలి శాఖ అన్నారు, అదే స్థిరపడింది.

పల్నాడులో కొండ్రువరం అనే చిన్న ఊరుంది. అక్కడ కోటేశ్వరమ్మ అప్పడాలు పడని పెళ్ళి విస్తరి లేదు. ఆరుగురు ఆడవాళ్ళను కూడగట్టుకుని ఆవిడ తన డాబా మీద అప్పడాలు ఒత్తించి ఎండబెడుతుంది. వైశాఖంలో పెళ్ళిళ్ళు. దానికి ముందు మండే ఎండలు. ఆ ఎండల్లో డాబా మీద ఎండిందే ఆ ఏడుగురికీ ఏడాది తిండి. ఆవిడ నోరు పెద్దదే గాని మనసు మంచిది, అద్దె దగ్గర మాత్రం మనసు కాస్త వెనక్కి తగ్గుతుంది.

కింద వెనక గది మస్తాన్‌వలికి అద్దెకిచ్చింది. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు, ముప్పై ఏళ్ళుంటాయి. అతను ఆ గదిలో అరల నిండా యంత్రాలు పేర్చి, నాలుగు పెద్ద కూలర్లు బిగించి, వేడిగాలిని రేకు గొట్టం గుండా బయటికి తోలుతున్నాడు. మొదటిరోజే ఆవిడ వచ్చి నిలదీసింది.

"ఏందయ్యా ఈ రొద? ఏం చేత్తన్నావు ఇందులో?"

"నాణేలు పిన్నీ. ఈ యంత్రాలు ఒక అంకె ఊహిస్తా ఉంటాయి. ప్రపంచమంతా ఊహిస్తా ఉంటారు. ముందు కనిపెట్టినోడికి నాణెం వచ్చిద్ది."

"చూపించు ఒకటి."

"కనపడదు పిన్నీ."

"చేత్తో పట్టుకోవచ్చా?"

"కుదరదు."

"మరి అద్దె కూడా కనపడకుండానే ఇస్తావా?"

అద్దె కనపడేలాగే వచ్చింది కాబట్టి ఆవిడ ఊరుకుంది. వానాకాలంలో ఒకనాడు తడిచీరను ఆ గొట్టం ముందు తగిలిస్తే, పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి పెళపెళలాడుతూ ఆరిపోయింది. కోటేశ్వరమ్మ ఆ చీర వంక చూసింది, గొట్టం వంక చూసింది. మర్నాటికల్లా గొట్టాన్ని పొడిగించి డాబా మీది రేకుల పంచలోకి తిప్పించింది. ఆ ఏడు ముసురులో కూడా అప్పడాలు ఎండాయి. ఎండాకాలం అవసరం ఉండదు గనక గొట్టాన్ని మళ్ళీ పెరటివైపు తిప్పుకోవచ్చు. వానాకాలంలో అద్దె కొంచెం తగ్గించింది కూడా, అది ఆవిడ జీవితంలో పెద్ద సంఘటన.

జనవరిలో వేడిగాలి శాఖ వారు వచ్చారు. అధికారి పేరు యోగానందం గారు. చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసే మనిషి, అందుకే ఏ శాఖలోనూ ఎక్కువ కాలం ఉంచుకోలేదు. ఆయన వెనక తుపాకీ, లక్క, కొవ్వొత్తి, పురికొస ఉన్న సంచీ మోసుకుంటూ అటెండరు లాజరు.

మస్తాన్‌వలి ఎదురెళ్ళి దణ్ణం పెట్టాడు. "సార్, యంత్రాలు ఇయ్యే. నాణేలు చేసేది నేనే. లైసెన్సు ఇప్పించండి. లేకపోతే కరెంటోళ్ళు తీగ కోసేస్తామంటన్నారు."

యోగానందం గారు గది మధ్య నిలబడి తుపాకీ నొక్కారు. పచ్చ దీపం. యంత్రం మీద పెట్టి నొక్కారు. పచ్చ దీపమే. ఆయన మొహం గంటు పెట్టుకున్నారు.

"ఇచ్చట వేడి లేదే!"

"కూలర్లు పెట్టా సార్. వేడంతా గొట్టంలో బయటికి పోతంది."

"పోయిన వేడిని గురించి చట్టం మాట్లాడదు. ఉన్న వేడిని గురించే మాట్లాడుతుంది."

"యంత్రాలు మీ కళ్ళముందే ఉన్నాయి గదా సార్!"

"కళ్ళతో చూసి నమ్మేట్లయితే ప్రభుత్వం మాకు తుపాకులెందుకిస్తుందయ్యా? నాణేలు తయారు చేయకుండా, చేస్తున్నానని చెప్పుకొనుట అధికారులను తప్పుదోవ పట్టించుట కిందికి వస్తుంది. మొదటి తప్పు గనుక మందలించి వదిలేస్తున్నాను."

సదరు గదిలో నాణేల ఉత్పత్తి జరుగుట లేదని ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి మస్తాన్‌వలి చేతిలో పెట్టారు.

కోటేశ్వరమ్మ పాపం మర్యాదకు పోయి, వంటింట్లోంచి టీ, వేయించిన అప్పడం తెచ్చిచ్చింది. లాజరు అలవాటుగా గ్లాసు మీద తుపాకీ పెట్టాడు. ఎర్ర దీపం, కూత. అధికారి గారి కళ్ళు మెరిశాయి. కూత వెంట వంటింట్లోకి నడిచారు. పొయ్యి మీద బాణలి కాగుతోంది. అక్కడ తుపాకీ ఆగకుండా కూసింది.

"ఎంతకాలంగా నడుపుతున్నావమ్మా ఈ కేంద్రాన్ని?"

"నేను కాపరానికొచ్చిన కాణ్ణుంచి," అంది ఆవిడ, ఏం తప్పు చేసిందో అర్థంకాక.

ఆ విధంగా కొండ్రువరంలో మొట్టమొదటి అధికారిక నాణేల ఉత్పత్తి కేంద్రం కోటేశ్వరమ్మ పొయ్యి. 'సి' తరగతి లైసెన్సు. బోర్డు పొయ్యి పైన మేకుకు తగిలించారు. పోతూపోతూ యోగానందం గారు మెట్ల వంక చూసి నిట్టూర్చారు.

"పైన కూడా తనిఖీ చేయవలసియున్నది. కాని మెట్లెక్కు భత్యం ఇంకా మంజూరు కాలేదు. అయ్యాక వస్తాను."

ఆవిడ కూడా మెట్ల వంక చూసింది. వంటింటికి బోర్డు తగిలిస్తే పోనీలే అనుకోవచ్చు. ఎండాకాలంలో డాబా మీద ఆ తుపాకీ పెడితే ఏమవుతుందో ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొయ్యికో పెనానికో అయితే లైసెన్సు గాని, డాబా అంత కేంద్రానికి లైసెన్సు లేదు, సీలే. డాబాకు సీలు పడితే ఏడుగురి నోట్లో మన్ను పడ్డట్టే. ఆ రోజు నుంచీ ఆవిడ కోటయ్యస్వామికి రోజూ ఒకటే మొక్కు: ఆ మెట్లెక్కు భత్యం మంజూరు కాకుండా చూడు తండ్రీ.

మార్చి వచ్చేసరికి శాఖ విజృంభించింది. బజ్జీల బండికి లైసెన్సు. ఇస్త్రీ బండికి లైసెన్సు. బెల్లం వండే పెనానికి 'బి' తరగతి, ప్రత్యేక పర్యవేక్షణ. బస్సు కండక్టరు ఒకాయనకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకుంటే, ఆ ఇంట్లో కరెంటు ఉంది గనుక, ఆయన కూడా ఉత్పత్తి కేంద్రమని నోటీసిచ్చారు. సాయంత్రం మాత్ర వేసుకుని చెమట పట్టాక వచ్చి, ఉత్పత్తి నిలిపివేసినందుకు అభినందన పత్రం ఇచ్చి వెళ్ళారు. ఆయన భార్య దాన్ని ఫ్రేము కట్టించింది.

బజ్జీల బండి వీరాస్వామి ఒకరోజు యోగానందం గారిని నిలేశాడు. "నేను నాణేలు చేస్తన్నానని రాశారు గదా సార్, ఆ నాణేలు ఏయి? నాకో నాలుగన్నా ఇప్పించండి."

"నాణేలు కంటికి కనిపించవని చట్టం మొదటి పేజీలోనే ఉంది. నీ దగ్గర ఏమీ కనిపించకపోవడమే నీ మీద సాక్ష్యం."

వీరాస్వామి ఆ రాత్రి పెనం కింద, నూనె డబ్బాలో, శనగపిండి సంచిలో కూడా వెతుక్కున్నాడట.

లెక్కలన్నీ పైకి వెళ్ళాయి. పైవాళ్ళు కూడి చూస్తే, కొండ్రువరం నాణేల ఉత్పత్తిలో ఎక్కడా లేనంత ముందుంది. మంత్రిగారు స్వయంగా వచ్చి మైకు ముందు ఉప్పొంగిపోయారు. "నిన్నటి దాకా వెనకబడిన ఈ ప్రాంతం ఇవ్వాళ ఇంటింటా నాణేలు తయారు చేస్తోంది. దీనికి కారణం మా శాఖ కృషి!" ఎండకు కండువాతో మొహం తుడుచుకుంటూ, యోగానందం గారికి శాలువా కప్పారు. ఏప్రిల్లో ఉన్ని శాలువా. ఆ శాలువా తగిలి లాజరు చేతిలో తుపాకీ కూసింది గాని, వేదిక గనక అతను దాన్ని సంచీలోకి తోసేశాడు.

అంతటితో పోయినా బాగుండేది. మంత్రిగారు ఆ ఊపులోనే మెట్లెక్కు భత్యం మంజూరు చేస్తున్నట్టు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. గుంపులో ఉన్న కోటేశ్వరమ్మ చేతులు మాత్రం కదల్లేదు.

మర్నాడు పెద్ద పెళ్ళి ఒకదానికి అప్పడాలు ఒత్తే రోజు. తెల్లారకముందే మినప్పిండి కలిపి, నూనె రాస్తూ రోకళ్ళతో దంచి, ఉండలు చేశారు. కలిపిన పిండి ఆగదు. ఆ ఎండలకు సాయంత్రానికల్లా పులిసి పారబోసుకోవాల్సిందే. ఆరుగురూ పీటలు ముందేసుకుని చకచకా ఒత్తుతున్నారు, కోటేశ్వరమ్మ పాత చీరల మీద ఆరేస్తోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. సరిగ్గా అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

యోగానందం గారు పైకొచ్చి తుపాకీ ఎత్తారు. గచ్చు మీద ఎర్ర దీపం. పిట్టగోడ మీద ఎర్ర దీపం. ఉత్త గాల్లో పెట్టి నొక్కినా ఎర్ర దీపమే. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నా ఉద్యోగంలో ఇంత పెద్ద కేంద్రం చూడలేదు. విద్యుత్ సౌకర్యమున్నదా?"

"ఆ మూలన బల్బుంది గాని, కాలిపోయి ఏడాదయింది బాబూ."

"కాలినదంటే వేడెక్కినట్లే కదా. రాయి లాజరూ. యంత్రం ఎక్కడుందమ్మా?"

కోటేశ్వరమ్మకు ఒళ్ళు మండింది. చెయ్యి పైకెత్తి చూపించింది. "అదుగో. ఆ పైన."

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి తేరిపార చూశారు. వెటకారం అనేది ఒకటుంటుందని ఆయనకు ఏ శాఖలోనూ శిక్షణ ఇవ్వలేదు.

"యజమాని ఎవరు?"

"మా తాతల కాణ్ణుంచీ ఉంది. ఎవురిదో ఎట్టా చెప్పేది?"

"రాయి లాజరూ. పిత్రార్జితం, రిజిస్ట్రేషను లేదు. ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"పొద్దున అటేపు ఉంటది, సాయంత్రానికి ఇటేపు పోయిద్ది," అంది ఒత్తేవాళ్ళలో ఒకావిడ, నవ్వు ఆపుకోలేక.

"తనిఖీని తప్పించుకొనుటకు యంత్రాన్ని తూర్పు నుండి పడమరకు తరలిస్తున్నారు. రాత్రివేళ దాచివేస్తున్నారు. ఇది చాలా తీవ్రమైన నేరం." ఆయన గొంతు సవరించుకున్నారు. "యంత్రానికి నోటీసు అందజేయి."

లాజరు నోటీసు పట్టుకుని పైకి చూశాడు, కిందికి చూశాడు. "అందట్లేదు సార్."

"అందనిచో చివరిగా కనిపించిన చోట అంటించవలెనని నిబంధన. తూర్పు పిట్టగోడకు అంటించు. డాబాకు సీలు వెయ్యి."

కోటేశ్వరమ్మ వెటకారమంతా దిగిపోయింది. చేతులు జోడించింది. "బాబ్బాబూ, పిండి కలిపేశాం. ఈ పూట ఎండకపోతే మొత్తం పులిసి పోయిద్ది. ఈళ్ళందరూ దీని మీదే బతుకుతన్నారు. రేపొచ్చి ఎన్ని సీళ్ళయినా ఏసుకో, నేనే కొవ్వొత్తి పట్టుకుంటా." ఆవిడ కళ్ళలో నీళ్ళు నిజంగా తిరిగాయి. అంత నోరున్న మనిషి అలా బతిమాలడం ఆ ఆడవాళ్ళు ఎన్నడూ చూడలేదు. అయినా అప్పడాలు ఒత్తే కర్రలు ఆపలేదు. పిండి ఆగదు కదా.

"ప్రభుత్వ సీలు పిండి కోసం ఆగదమ్మా," అన్నారు యోగానందం గారు.

లాజరు మెట్ల తలుపుకు పురికొస చుట్టి, కొవ్వొత్తి వెలిగించబోయాడు. అవసరం లేకపోయింది, లక్క సంచీలోనే కరిగిపోయింది. ముడి మీద పోస్తే గట్టిపడకుండా కారిపోయింది. ఇత్తడి ముద్ర నొక్కితే ముద్ర కూడా జారి కిందపడింది. ఇంతలో తుపాకీ తగిలి కూసింది.

"సార్, లక్క కూడా ఎర్రగానే చూపిస్తంది."

"అయితే అది కూడా అనధికార కేంద్రమే. ముందు సీలుకు సీలు వెయ్యి."

"దానికి మళ్ళా లక్కే పొయ్యాల సార్."

"దానికి కూడా వెయ్యి."

లక్క అయిపోయేదాకా సీళ్ళకు సీళ్ళు పడుతూనే ఉన్నాయి. తలుపు దగ్గర ఎర్రటి మడుగు కట్టింది. యోగానందం గారు నెత్తిన టోపీ లేకుండా నిలబడి ఇదంతా పర్యవేక్షిస్తున్నారు. మొహం కందగడ్డలా అయింది. కాళ్ళు తేలిపోతున్నాయి. కోటేశ్వరమ్మ అది గమనించి, లాజరు చేతిలో తుపాకీ లాక్కుని, అది దేనికోసం పుట్టిందో అక్కడే పెట్టింది, ఆయన నుదుటి మీద. ఎర్ర దీపం. పొడుగాటి కూత.

"ఇదేందయ్యా! నీ బుర్రలో కూడా నాణేలు తయారవుతన్నాయి!"

ఆయన ఆ దీపం వంక చూసి నిటారుగా నిలబడ్డారు. "చట్టానికి అందరూ సమానమే. లాజరూ, నాకు సీలు వెయ్యి."

"ఎక్కడ ఎయ్యమంటారు సార్? నోటికేస్తే మళ్ళా మజ్జిగ తాగలేరు."

దానికి నిబంధన ఏముందా అని ఆలోచిస్తూనే ఆయన పక్కకు ఒరిగారు. వడదెబ్బ. ఆడవాళ్ళు పీటలొదిలి లేచారు. సీలు వేసిన తలుపు ఒక్క తోపుతో తెరుచుకుంది. నులకమంచం మీద వేసుకుని కిందికి మోసి, ఊళ్ళో ఎక్కడ చల్లగా ఉంటుందో తెలుసు గనక, నేరుగా మస్తాన్‌వలి గదిలో దించారు. కోటేశ్వరమ్మ తడిగుడ్డ వేసింది, ఉప్పేసిన మజ్జిగ చెంచాతో తాగించింది, మధ్యలో పైకి అరిచింది. "మీరు ఒత్తండే! ఇక్కణ్ణేను చూసుకుంటా!"

చాలాసేపటికి యోగానందం గారు కళ్ళు తెరిచారు. లాజరు నుదుటి మీద తుపాకీ నొక్కాడు. పచ్చ దీపం. ఆయన చుట్టూ చూశారు. నాలుగు కూలర్ల గాలి, యంత్రాల జుమ్మనే రొద.

"ఎంత చల్లగా ఉన్నది! ఇది ఎవరి గది?"

"నాదే సార్," అన్నాడు మస్తాన్‌వలి. "ఇక్కడ నాణేలు తయారు కావడం లేదని మీరే రాసిచ్చారు."

"నా మాట ఎంత నిజమో చూడు. ఈ ఊరు మొత్తం మీద చట్టానికి కట్టుబడి ఉన్న గది ఇదొక్కటే." ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. "మా ఆఫీసు రేకుల షెడ్డమ్మా. రోజూ ఎర్రగానే ఉంటుంది. శాఖ ఆవరణకు శాఖ చట్టం వర్తించదు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఎప్పుడో సీలు వేసేవాణ్ణి."

కోటేశ్వరమ్మ చెంచా ఆపింది. "ఏమన్నావు బాబూ? మీ ఆఫీసుండే ఆవరణకు మీ చట్టం ఉండదా?"

"ఉండదు."

"డాబా కూడా ఇంటి ఆవరణే గదా?"

"కాక మరేమిటి?"

ఆవిడ ఇంకో గ్లాసు మజ్జిగ నింపి చేతికిచ్చింది. "అయితే మీ ఆఫీసు ఇక్కడికి మార్చుకో నాయనా. చల్లగా కూర్చుని ఊరంతా సీళ్ళేసుకో. నేను అద్దె దగ్గర పేచీ పెట్టే మనిషిని కాదు." అబద్ధమైనా ఎవరూ ఆక్షేపించలేదు.

"మరి నా యంత్రాలు?" అన్నాడు మస్తాన్‌వలి, గాభరాగా.

"ఏ యంత్రాలు? ఇవి కార్యాలయమును చల్లబరచు పరికరములు," అన్నారు యోగానందం గారు. "ఉండనీ. వీటి కరెంటు ఇక శాఖ ఖాతాలో కలుస్తుంది."

తీగ కోసేస్తామన్న కరెంటువాళ్ళు వారంలోనే వచ్చి, ప్రభుత్వ కార్యాలయమని బోర్డు చూసి, ఇంకా లావుపాటి తీగ వేసి వెళ్ళారు. సీళ్ళు పడ్డ రోజున డాబా మీద ఒత్తిన అప్పడాలు పొద్దుగూకేలోగా పెళుసుగా ఎండిపోయాయి. పెళ్ళిలో అడిగి మరీ వేయించుకున్నారు.

సూర్యుడి మీద కేసు నడుస్తూనే ఉంది. జూన్ నెలాఖరుకు మబ్బులు పట్టాయి, ముసురు మొదలైంది, వారాల తరబడి ఎండ మొహం కనపడలేదు. యోగానందం గారు పైకి నివేదిక పంపారు: శాఖ ఎడతెగని చర్యల ఫలితముగా కొండ్రువరములోని అతిపెద్ద అనధికార యంత్రము మూసివేయబడినది. మంత్రిగారు మళ్ళీ వచ్చారు, గొడుగు కింద నిలబడి మళ్ళీ శాలువా కప్పారు. ఈసారి చలిగానే ఉంది గనక పనికొచ్చింది.

కోటేశ్వరమ్మ మాత్రం మొదటి చినుకు పడగానే రేకు గొట్టాన్ని పెరటి నుంచి తీసి, వేడిగాలి శాఖ వారి గదిలోంచి నేరుగా డాబా మీది పంచలోకి మళ్ళీ తిప్పించింది. ఒకనాడు బయట కుండపోత. యోగానందం గారు యంత్రాలకు వీపు ఆనించి కూర్చుని వేయించిన అప్పడం కరకర నములుతున్నారు. నములుతూ ఆగి అడిగారు.

"ఇంత వానలో ఇవి ఎలా ఎండుతున్నాయమ్మా?"

కోటేశ్వరమ్మ పళ్ళెంలో ఇంకో అప్పడం వేసింది.

"అంతా మీ శాఖ దయ, బాబూ."